ప్రాణవాయువు సీసాలో నీళ్లు ఎక్కడివి?



చలి ముదిరి, చెరకు కొట్టుడు మొదలయ్యే నెలలలో మన నిజామాబాదు, బోధన్ ప్రాంతాలలో దమ్ము మనుషుల కష్టం ఎక్కువవుతుంది. రాత్రి రెండు గంటలకు ఆటో మాట్లాడుకొని, ముసలి తల్లినో తండ్రినో ఒళ్లో కూర్చోబెట్టుకొని, ఎడపల్లి మీదుగా నిజామాబాదుకు పరుగెత్తిన కుటుంబాలు మన సంఘాలలో ఎన్నో ఉన్నాయి. పొద్దున్నే కబురు వస్తుంది: "బాపుకు దమ్ము లేచింది, నర్సింగ్ హోములో ఆక్సిజన్ పెట్టిన్రు."

మన ప్రాంతపు గాలి గురించి మనకు తెలియనిది లేదు. బియ్యం మిల్లుల ఊక, తవుడు. పసుపు కొమ్ములకు పాలిష్ పట్టేటప్పుడు లేచే ధూళి. ఇంటింటా బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ల ఒళ్లో పొగాకు పొడి. కట్టెల పొయ్యి పొగ. చెరకు పిప్పి తడిసి బూజు పట్టి ఎండితే, ఆ ధూళి పీల్చినవారికి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఒకటి ఉన్నది. దాని పేరే బగాసోసిస్. బగాస్ అంటే చెరకు పిప్పి. 1937లో బోధన్‌లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది గాని, షక్కర్‌నగర్‌లో పనిచేసి వయసుమళ్లిన కార్మికులు మన మధ్యనే ఉన్నారు. వారిలో దగ్గు, ఆయాసం వెంటాడుతున్నవారూ ఉన్నారు.

కాబట్టి ఊపిరికి సాయం చేసే పరికరాలు మనకు కొత్త కాదు. ఆక్సిజన్ సిలిండరు, దాని మెడకు వేలాడే నీళ్ల సీసా, ముఖానికి పెట్టే మాస్కు, మందును పొగలాగా పంపించే నెబులైజరు, కఫం లాగే సక్షన్ మిషను, వీటన్నిటినీ చూశాం. ఇవి ప్రాణాలు నిలిపే వస్తువులు. అయితే సరిగా కడగకపోతే, ఆరబెట్టకపోతే, ఇవే జబ్బును లోపలికి మోసుకొని పోతాయి. ఆయాసంతో వెళ్లిన మనిషి ఆయాసం తగ్గిన తర్వాత న్యుమోనియాతో మంచం పట్టడం ఎంత దుఃఖకరం! ఈ నెల ఈ విషయం గురించి కొంచెం వివరంగా ఆలోచిద్దాం.

ముక్కు చేసే కాపలా

మనం పీల్చే గాలిని ముక్కు వడకడుతుంది. వెంట్రుకలు, జిగట, గొంతులోని చెమ్మ, వీటికి దుమ్మూ క్రిములూ చాలావరకు చిక్కుకుంటాయి. దగ్గు వచ్చి మిగిలినదాన్ని బయటికి తోస్తుంది. ఇది దేవుడు ఊపిరితిత్తులకు పెట్టిన కాపలా.

నెబులైజరు ఈ కాపలాను దాటి పోవడానికే తయారైన యంత్రం. అది మందును అతి సన్నని తుంపరగా చేస్తుంది. ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. ఒకటి నుండి ఐదు మైక్రాన్ల తుంపర ఊపిరితిత్తుల అడుగు దాకా వెళుతుంది. మందు అక్కడికి చేరాలి గనుక అది మంచిదే. కాని ఆ గిన్నెలో మందుతోపాటు క్రిములు ఉంటే అవి కూడా అదే దారిని, అదే లోతుకు వెళతాయి. బలహీనపడిన ఊపిరితిత్తులు, దగ్గడానికి కూడా ఓపిక లేని ముసలితనం, దానికి తోడు షుగరు జబ్బు ఉంటే ఇక చెప్పేదేముంది?

నిలవ నీటిలో క్రిములు పెరుగుతాయని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. కాని సూడోమోనాస్ అనే ఒక జాతి క్రిమి డిస్టిల్డ్ వాటర్‌లో కూడా పెరుగుతుంది. దానికి తిండి పెద్దగా అక్కరలేదు. చెమ్మ ఉంటే చాలు. సీసా లోపలి గోడకు వేలు పెట్టి రుద్దితే జారుతున్నట్టు తగిలే పలుచని పాచి క్రిముల ఇల్లే. పాత నీళ్లు పారబోయకుండా పైన కొత్త నీళ్లు పోస్తే ఆ ఇల్లు చెక్కుచెదరదు.

వైద్యులు నేర్చుకున్న పాఠం

ఈ సంగతి వైద్యలోకానికి కూడా కష్టపడే తెలిసింది. 1960లలో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఆసుపత్రి రోగులకు ప్రమాదకరమైన ఒక రకం న్యుమోనియా ఎక్కువగా వస్తున్నదని వైద్యులు గమనించారు. కారణం వెదికితే, శ్వాసయంత్రాలకు అమర్చిన తుంపర సీసాలలో క్రిములు దొరికాయి. ప్రాణం కాపాడటానికి తెచ్చిన యంత్రమే క్రిములను లోపలికి ఊదుతున్నది. వెనిగర్‌లో ఉండే ఆమ్లంతో ఆ సీసాలను రోజూ శుద్ధి చేయడం మొదలుపెట్టాక ఆ న్యుమోనియా తగ్గింది. కొత్త మందు కనిపెట్టలేదు. కడగడం ఒక నియమంగా పెట్టుకున్నారు, అంతే.

1976లో అదే దేశంలో ఫిలడెల్ఫియా నగరపు హోటల్లో జరిగిన మాజీ సైనికుల సభకు వెళ్లినవారు అనేకులు న్యుమోనియాతో పడిపోయారు, కొందరు చనిపోయారు. నీటిలో బ్రతికే ఒక కొత్త క్రిమి దానికి కారణమని తర్వాతి ఏడాది తెలిసింది. లెజియొనెల్లా అని పేరు పెట్టారు. కొళాయి నీళ్లు పోసిన నెబులైజర్ల ద్వారా కూడా ఆసుపత్రులలో ఈ జబ్బు వ్యాపించిన సంఘటనలు తర్వాత బయటపడ్డాయి. అందుకే తుంపర చేసే ఏ యంత్రంలోనూ కొళాయి నీళ్లు, బోరు నీళ్లు పోయకూడదని వైద్యులు ఖండితంగా చెబుతారు.

2021 వేసవి మరువకూడదు

మన దగ్గరి మాటకు వద్దాం. 2021 ఏప్రిల్, మే నెలలు ఎవరు మరిచిపోగలరు? కరోనా రెండవ అల మన మీద విరుచుకుపడింది. సరిహద్దు అవతల మహారాష్ట్రలోనూ ఇవతల మన దగ్గరా ఒకటే గోస. మంచం దొరికితే ఆక్సిజన్ లేదు, ఆక్సిజన్ దొరికితే మంచం లేదు. వాడిన మాస్కు ఎవరిది, సీసాలో నీళ్లు ఎప్పటివి అని అడిగే పరిస్థితి ఎవరికీ లేదు.

ఆ వెనుకనే బ్లాక్ ఫంగస్ వచ్చింది. దాని అసలు పేరు మ్యూకార్‌మైకోసిస్. ముక్కు, దవడ, కన్ను, మెదడు వరకు పాకే బూజు జబ్బు. 2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దీన్ని తప్పక తెలియజేయవలసిన జబ్బుగా ప్రకటించింది. హైదరాబాదు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దీని చికిత్సకు కేంద్రంగా పెట్టింది.

ఇక్కడ సత్యాన్ని సత్యంగా చెప్పుకోవాలి. అదుపు తప్పిన షుగరు, అవసరానికి మించి వాడిన స్టెరాయిడ్ మందులు, ఈ రెండూ ఆ జబ్బుకు ముఖ్య కారణాలని వైద్యులు తేల్చారు. ఆ బూజు విత్తనాలు మట్టిలో, గాలిలో ఎక్కడైనా ఉంటాయి. ఆక్సిజన్ సీసాలోని మురికి నీళ్లే కారణమని అప్పట్లో చాలామంది అన్నారు గాని, అది అనుమానమే, రుజువైన మాట కాదు. అయినా భారత వైద్య పరిశోధన మండలి అప్పుడు ఇచ్చిన సలహాలలో, షుగరును అదుపులో ఉంచండి, స్టెరాయిడ్ ఆచితూచి వాడండి అన్న మాటల పక్కనే, ఆక్సిజన్ ఇచ్చేటప్పుడు తేమ సీసాలో శుభ్రమైన స్టెరైల్ నీళ్లే వాడండి అన్న మాట కూడా ఉన్నది. రుజువు కోసం ఎదురుచూసి ప్రాణం పోగొట్టుకోవడం కంటే సీసా కడుక్కోవడం తేలిక గదా!

ఒక్కొక్క వస్తువు సంగతి

తేమ సీసా: సిలిండరు నుండి వచ్చే గాలి పొడిగా ఉంటుంది గనుక దాన్ని నీళ్లలో బుడగలుగా పంపి తడి చేస్తారు. ఇందులో స్టెరైల్ నీళ్లు మాత్రమే, సీసా మీద ఉన్న రెండు గీతల మధ్య వరకు పోయాలి. నీళ్లు తగ్గితే పైన పోయకూడదు. మిగిలినవి పారబోసి, సీసా మార్చి లేక కడిగి ఆరబెట్టి, కొత్త నీళ్లు పోయాలి. ఒక రోగికి వాడినది శుద్ధి చేయకుండా మరొకరికి పెట్టకూడదు. ఇంకొక మాట చాలామందికి తెలియదు. నిమిషానికి నాలుగు లీటర్ల లోపు ఆక్సిజన్ ముక్కు గొట్టంతో ఇచ్చేటప్పుడు చాలామంది రోగులకు తేమ సీసా అవసరమే ఉండదు. అవసరం లేనిచోట మురికి నీళ్ల సీసా కంటే సీసా లేకపోవడమే మేలు. అది డాక్టరు నిర్ణయించాలి.

నీళ్ల విషయంలో ఒక పొరపాటు మన దగ్గర తరచుగా కనబడుతుంది. పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ నీళ్లను "డిస్టిల్డ్ వాటరే గదా" అని తెస్తారు. డిస్టిల్డ్ అంటే ఉప్పులు, సున్నం తీసేసిన నీళ్లు. క్రిములు లేని నీళ్లు అని అర్థం కాదు. ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాను కూడా అంతే. తాగడానికి పనికివచ్చేదంతా ఊపిరితిత్తులలోకి పనికిరాదు. మందుల దుకాణంలో స్టెరైల్ అని రాసి మూసిన సీసాలు దొరుకుతాయి. ఏ గతీ లేనప్పుడు ఇంట్లో తెర్లేలా కాచి, మూతపెట్టి చల్లార్చిన నీళ్లు ఆ ఒక్క రోజుకు వాడుకొని, మిగిలినవి పారబోయాలి.

నెబులైజరు: మందు పోసే గిన్నె, మాస్కు లేక నోటి గొట్టం, వీటిని ఒక్కొక్క రోగికి విడిగా ఉంచాలి. మోటారు పది మందికి ఒకటే ఉండవచ్చు. మాస్కు మాత్రం కాదు. మందు ఒక్కసారికి సరిపోయే చిన్న ప్లాస్టిక్ గొట్టాలలో వస్తుంది. అందులో సగం వాడి సగం రాత్రికి దాచడం మంచిది కాదు. పెద్ద సెలైన్ సీసాకు సూది గుచ్చి, రోజంతా వార్డులో అందరికీ దానిలోనుండే తీసి పోయడం కూడా ప్రమాదమే. ఆ సూది దారినే క్రిములు సీసాలోకి చేరతాయి.

సక్షన్: కఫం లాగే సన్నని గొట్టం ప్రతిసారీ కొత్తది, కవరులోనుండి అప్పుడే తీసినది కావాలి. పక్కన గిన్నెలో నీళ్లు పెట్టి, గొట్టాన్ని అందులో ముంచి కడిగి, మళ్లీ మళ్లీ వాడటం చాలాచోట్ల కనబడే అలవాటు. ఆ గిన్నె కొన్ని గంటలలోనే క్రిముల చెరువవుతుంది. కఫం చేరే సీసాను నిండకముందే ఖాళీచేసి శుద్ధి చేయాలి. క్షయ ఉన్న రోగి కఫం విషయంలో ఎంత జాగ్రత్త కావాలో వేరే చెప్పనక్కరలేదు.

వాడి పారేసే వస్తువులు: 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన ప్లాస్టిక్ గొట్టాలు, క్యాథటర్లు ఎర్ర సంచిలో పడాలి. ఒక్కసారికే అని కంపెనీ రాసిన వస్తువును కడిగి దాచి మరొకరికి పెట్టడం పొదుపు కాదు.

కడగడం వేరు, శుద్ధి వేరు

సంఖ్యాకాండము 31వ అధ్యాయంలో యుద్ధం నుండి తెచ్చిన వస్తువుల శుద్ధి గురించి ఒక విధి ఉన్నది. అగ్నికి ఓర్చుకునే లోహాలను అగ్నిలోనుండి, ఓర్చుకోలేని వాటిని నీళ్లలోనుండి దాటించాలని దాని సారాంశం. అది ఆచార సంబంధమైన విధి, వైద్యపాఠం కాదు. కాని వస్తువును బట్టి శుద్ధి అనే తెలివి ఆసుపత్రికీ వర్తిస్తుంది. వేడికి ఓర్చుకునే వాటిని ఆటోక్లేవ్‌లో ఆవిరితో గాని, మరిగే నీళ్లతో గాని శుద్ధి చేస్తారు. వేడికి కరిగిపోయే ప్లాస్టిక్‌ను మందు కలిపిన నీళ్లలో, మందు సీసా మీద రాసిన పాళ్లలో, రాసినంత సేపు ముంచుతారు.

క్రమం మాత్రం తప్పకూడదు. మొదట విడదీయాలి. తర్వాత సబ్బు నీళ్లతో కడగాలి. కఫం, మందు మరకలు అంటుకొని ఉంటే పైన ఎంత ఘాటు మందు పోసినా లోపలి క్రిమికి తగలదు. అటుపిమ్మట శుద్ధి. మందు వాసన పోయేదాకా స్టెరైల్ నీళ్లతో లేక కాచి చల్లార్చిన నీళ్లతో తొలచాలి, లేకపోతే ఆ మందే ఊపిరితిత్తులను మండిస్తుంది. చివరగా ఆరబెట్టాలి. చాలామంది ఈ చివరిది వదిలేస్తారు. శుద్ధి చేసిన గొట్టాన్ని తడిగానే ప్లాస్టిక్ కవరులో కట్టిపెడితే మర్నాటికి చేసిన పనంతా వృథా.

ఈ పని ఎవరిది?

మన పట్టణపు నర్సింగ్ హోములను నిందించడం నా ఉద్దేశం కాదు. ఖలీల్‌వాడి వీధులలో అర్ధరాత్రి తలుపు తట్టినా మన పల్లెల జనాన్ని చేర్చుకొని ప్రాణం నిలిపిన డాక్టర్లు ఎందరో ఉన్నారు. వారి వద్ద పనిచేసే సిస్టర్లలో మన సంఘాల బిడ్డలు కూడా ఉన్నారు. రాత్రి డ్యూటీలో ఒక్కతే సిస్టరు, మంచాలేమో నిండా. ఒకరికి దమ్ము, ఒకరికి ఫిట్సు, ఒకరికి సెలైన్ అయిపోయింది. అటువంటప్పుడు సీసా కడిగే పని ఆయమ్మ మీద పడుతుంది. ఆయమ్మకు దానిని ఎలా కడగాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తప్పు ఎవరిది అంటే, పని ఎవరిదో చెప్పకపోవడమే తప్పు.

కాబట్టి నర్సింగ్ హోము నడిపే పెద్దలకు ఒక విన్నపం. ఈ పనికి ఒక మనిషి, ఒక వేళ, ఒక నోటుబుక్కు పెట్టండి. సీసా మీద మార్చిన తేదీ, గంట రాసిన చిన్న చీటీ అంటించండి. కడిగిన వస్తువులకు, మురికి వస్తువులకు వేర్వేరు టబ్బులు, వేర్వేరు బల్లలు ఉంచండి. ఆయమ్మకు నేర్పండి, గ్లవుసులు ఇవ్వండి, బాగా చేసినప్పుడు నలుగురిలో మెచ్చుకోండి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

మన జిల్లాలో సేవ చేసిన డాక్టరు ఇసబెల్ కెర్ పేరు మీలో పెద్దలకు తెలుసు. స్కాట్లాండు నుండి వచ్చిన ఆమె, భర్త జార్జి కెర్ పాదిరిగారితో కలిసి డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిని నిలబెట్టారు, 1932లో చనిపోయారు. ఆమె కాలంలో యాంటీబయాటిక్ మందులు లేవు. కాచిన నీళ్లు, సబ్బు, ఉతికిన బట్ట, ఓపిక, ఇవే అప్పటి ఆసుపత్రుల ఆయుధాలు. ఇప్పుడు మందులు వచ్చాయని ఆ ఆయుధాలను కింద పెట్టకూడదు. ఆసుపత్రిలో అంటుకునే క్రిములు చాలా మందులకు లొంగకుండా ముదిరిపోతున్నాయి గనుక వాటి అవసరం మరింత పెరిగింది.

అడగడానికి భయపడవద్దు

మనవాళ్లు ఆసుపత్రిలో నోరు విప్పరు. "అడిగితే డాక్టరుకు కోపమొస్తది, మన మనిషిని సరిగ చూడరు" అని భయం. ఆ భయం నిజమైనదే. కాని మర్యాదగా అడిగిన మాటకు మంచి డాక్టరు కోపపడడు. గొడవ పెట్టుకున్నట్టు కాకుండా, సాయం చేస్తున్నట్టు అడగండి.

"సిస్టరమ్మా, ఈ సీసల నీళ్లు ఎప్పుడు మార్చిన్రు? మార్చేదుంటే చెప్పున్రి, స్టెరైల్ నీళ్లు నేను తెచ్చిస్త."

"అమ్మా, ఈ మాస్కు మా అత్తమ్మకు కొత్తదేనా? లేకుంటే రాసియ్యున్రి, తెచ్చుకుంటం."

ఇలా అడిగితే ఎవరు కాదంటారు? కొన్న మాస్కు మీద రోగి పేరు రాసి, వాడాక కడిగి ఆరబెట్టి, శుభ్రమైన కవరులో మంచం దగ్గరే ఉంచుకోండి. ఇంటికి పోయేటప్పుడు వెంట తీసుకొని వెళ్లండి. సిస్టరు మీ మనిషిని ముట్టుకునే ముందు చేతులు కడుక్కుంటే "మంచిదమ్మా" అనండి. ఆ ఒక్క మాట ఆమెకు బలం.

ఇంట్లో నెబులైజరు ఉన్నవారు చేయవలసినది ఇది. ప్రతిసారీ గిన్నె, మాస్కు విడదీసి గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, తొలిచి, విదిలించి, ఉతికిన బట్ట మీద ఆరబెట్టాలి. వేడికి ఓర్చుకునే గిన్నె అని కంపెనీ కాగితంలో ఉంటే రోజుకొకసారి ఐదు నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచాలి. గాలి గొట్టాన్ని నీళ్లలో ముంచకూడదు. చెమ్మ చేరితే కొంచెంసేపు మోటారు ఒట్టిగా నడిపితే ఆరిపోతుంది. మోటారుకు ఉన్న చిన్న ఫిల్టరు నల్లబడితే మార్చాలి. ఇన్‌హేలరుతో వాడే స్పేసరును సబ్బు నీళ్లలో ముంచి తీసి, రుద్దకుండా గాలికి ఆరనివ్వాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలరు పీల్చిన తర్వాత నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మాలి.

పొరుగింటి బాబుకు దమ్ము లేస్తే మీ నెబులైజరు ఇవ్వండి, అది మంచి పొరుగుతనం. మోటారు ఇవ్వండి, మాస్కూ గిన్నే మాత్రం వారినే కొనుక్కోమనండి. కొన్ని సంఘాలవారు కరోనా కాలంలో ఆక్సిజన్ మిషన్లు సంపాదించి గుడిలో ఉంచారు. అవి ఇప్పటికీ మూల పడి ఉంటే తీసి చూడండి. ఆనాటి నీళ్లు సీసాలో అలాగే ఎండి పాచి కట్టి ఉండవచ్చు. అటువంటి సీసాను, గొట్టాలను పారేసి కొత్తవి తెప్పించి, తెలిసినవారితో మిషను పరీక్ష చేయించిన తర్వాతే ఎవరికైనా ఇవ్వాలి.

పరామర్శకు వెళ్లేవారికి

చివరిగా మనలాంటి పరామర్శకుల సంగతి. రోగి మంచం చుట్టూ పది పదిహేను మంది చేరి ప్రార్థన చేయడం మన అలవాటు. ప్రేమతోనే వెళతాం. కాని ఊపిరి అందని మనిషి చుట్టూ ఆ గుంపు వద్దు. ఇద్దరు చాలు, మిగిలినవారు వరండాలో ప్రార్థించవచ్చు. జలుబు, దగ్గు ఉన్నవారు ఇంటి దగ్గరే ఉండి ప్రార్థించవచ్చు. చేతులుంచే ముందు ఆ చేతులను సబ్బుతో నలభై నుండి అరవై సెకన్లు కడుక్కోండి, లేదా శానిటైజరుతో ఇరవై ముప్పై సెకన్లు రుద్దుకోండి. మాస్కును సర్దుదామని, సీసాను జరుపుదామని, సిలిండరు తిప్పుదామని చేయి పెట్టవద్దు, సిస్టరును పిలవండి. బయటికి వచ్చాక మళ్లీ చేతులు కడుక్కోండి, ఎందుకంటే పక్క వార్డులో మరొక మంచం మన కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

వచ్చే ఆదివారం కూడిక అయిన తర్వాత స్త్రీల సమాజంవారు ఒక పది నిమిషాలు దీనికి ఇవ్వగలిగితే బాగుంటుంది. మీ సంఘంలో ఒక నర్సు ఉంటే ఆమెను ముందుకు పిలిచి, ఒక నెబులైజరు బల్ల మీద పెట్టి, విడదీయడం, కడగడం, ఆరబెట్టడం అందరికీ చూపించమనండి. ఇంట్లో దమ్ము మనిషి ఉన్న ప్రతి కుటుంబం తమ మాస్కును వెంట తెచ్చుకొని, ఆమె చూస్తుండగా కడిగి చూపించాలి.